వెనక్కి వెళ్లే కీ

సభ పదింటికి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులంతా కలుసుకుంటున్నారు, మాస్టారు మాట్లాడాలి. ఆయన చెబుతుంటే కూతురు నిన్న సాయంత్రమే ప్రసంగాన్ని కంప్యూటర్లో కొట్టి పెట్టింది. పొద్దున్నే ప్రింటు తీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారెక్కడమే మిగిలిన పని.

ఒక్కటే చిక్కు. ఇన్‌స్టిట్యూట్ నిలబడడానికి కారణమైన వాళ్లకి మొదటి వాక్యంలోనే కృతజ్ఞతలు చెప్పుకున్నారు. గది అద్దెకిచ్చిన డాక్టరుగారున్నారు, మిషన్లు బాగుచేసిన మెకానిక్ ఉన్నాడు, ఊడ్చే మనిషి కూడా ఉంది. భార్య మాత్రం లేదు. కిటికీ పక్క మిషన్ మీద ఆయన దగ్గరే టైపు నేర్చుకుని, ఆయన్నే పెళ్లి చేసుకుని, పొద్దుటి బ్యాచ్‌లన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. నిన్న అంతా విని "బాగుందండీ" అని మాత్రం అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాటకి అర్థం మాస్టారికి బాగా తెలుసు. ఆవిడ చూడకముందే చేర్చేయాలి.

కూతురు ఆఫీసుకి వెళ్లిపోయింది. మాస్టారు కంప్యూటరు ముందు నిటారుగా కూర్చున్నారు. ప్రసంగం చివర, ఆఖరి చుక్క పక్కన, సన్నని నిలువు గీత మిణుకుమిణుకుమంటోంది. దాన్ని మొదటి వాక్యానికి తీసుకెళ్లాలి. మౌస్ అంటే ఆయనకి పడదు. వేళ్లు కీల మీద ఉండాలి గానీ, చెయ్యి అలా బల్ల మీద దేకడమేమిటి? వెనక్కి వెళ్లడానికి ఆయనకి తెలిసిన కీ ఒక్కటే, బ్యాక్‌స్పేస్. టైపు మిషన్లో అది నొక్కితే కాగితాన్ని మోసే క్యారేజీ ఒక్కో అక్షరం వెనక్కి జరిగేది. కాగితం మీది అక్షరానికి ఏమీ అయ్యేది కాదు.

చిటికెన వేలితో ఆ కీ నొక్కిపట్టి, చూపు ఎదురుగోడ మీద నిలిపారు. కీల వంక చూసినవాళ్లని బయట నిలబెట్టిన మాస్టారాయన. గోడ చూస్తుంటే ఆ రోజులు గుర్తుకొచ్చాయి. మిషన్లన్నీ ఒక్కసారిగా చేసే చప్పుడు, వరస చివర టంగుమనే గంట, వేళ్లకంటిన రిబ్బన్ సిరా, కిటికీ పక్కనుంచి దొంగచూపులు చూసే అమ్మాయి. వేలు తీయబుద్ధి కాలేదు.

"ఏంటండీ, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుని నవ్వుకుంటున్నారు?" గుమ్మంలోంచి భార్య అడిగింది.

మాస్టారు గబుక్కున గోడ మీంచి చూపు దించి స్క్రీన్ చూశారు. గీత మొదటికి చేరిన మాట నిజమే. దారిలో ఉన్న అక్షరాలన్నీ మింగి మరీ చేరింది.

"అసలు దాని జోలికెందుకెళ్లారు?"

"ఒక చుక్క సరిగ్గా లేదే," అన్నారాయన గొణుగుతూ.

ఫోన్ చేస్తే కూతురు ఎత్తలేదు. ఆవిడ పక్కింటి మందుల షాపాయన్ని కేకేసింది. డాక్టర్ల చేతిరాత చదవగలిగినవాడికి లోకంలో అర్థం కానిదేదీ ఉండదని ఆయన నమ్మకం. వస్తూనే బాణాల కీలు టకటకా నొక్కాడు. గీత కదలలేదు. ఖాళీ పేజీలో అది వెళ్లడానికి చోటెక్కడుంది?

"బిగుసుకుపోయింది మాస్టారూ!"

"స్పేస్‌బార్ కొట్టి చూడండి," అంది భార్య. కొడితే కదిలింది.

"అదిగో! నడుస్తోందంటే అక్షరాలున్నట్టే కదా! రంగు తెల్లబడిందంతే. ప్రింటులో నల్లగా వచ్చేస్తాయి, నాది పూచీ!" అన్నాడు షాపాయన.

ముగ్గురూ వంతులేసుకుని స్పేసులూ ఎంటర్లూ కొడుతూ గీతని పేజీలకు పేజీలు నడిపించారు. ప్రింటరు తెల్లకాగితాలు కక్కడం మొదలుపెట్టి, పెట్టినవన్నీ అయిపోయేదాకా ఆగలేదు. "సిరా అయిపోయినట్టుంది," అంటూ షాపాయన చల్లగా జారుకున్నాడు. బయట కారు హారన్ మోగింది.

తెల్లకాగితాల కట్టతోనే మాస్టారు వేదికెక్కారు. ఎదురుగా ఒకప్పుడు ఆయన దగ్గర చీవాట్లు తిన్న తలలు, ఇప్పుడన్నీ నెరిసినవి. ముందు వరసలో భార్య. కాగితాలు పక్కన పెట్టి, అలవాటుగా ఎదురుగోడ చూశారు.

"ఇన్‌స్టిట్యూట్ నాదని మీరంతా అనుకుంటారు. సగానికి పైగా ఆవిడది. నిన్న రాయించిన ప్రసంగంలో ఆవిణ్ణే మర్చిపోయాను. పొద్దున్న చేరుద్దామని బ్యాక్‌స్పేస్ నొక్కుకుంటూ వెనక్కి వెళ్లాను. మొత్తం పోయింది."

పరువు పోయిందనుకుని ఆయన తల దించుకున్నారు. వెనక వరసలోంచి ఒక కోర్టు గుమస్తా లేచాడు.

"నేనూ అంతే మాస్టారూ! కంప్యూటర్లొచ్చిన కొత్తల్లో జడ్జిగారి తీర్పు మొత్తం అలాగే మింగించేశాను!"

"నాది పరీక్ష పేపరు!" అంది ఒక టీచరు.

"నాది రాజీనామా! అందుకే ఇంకా అక్కడే చేస్తున్నా!" అన్నాడు ఇంకొకాయన. "వెనక్కెళితే ఏమీ పోదని మీరేగా నేర్పింది!"

హాలంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ. భార్య మాత్రం నవ్వలేదు. ఒకప్పుడు కిటికీ పక్కనుంచి చూసినట్టే చూస్తోంది.

సాయంత్రం కూతురొచ్చి విషయం విని తల పట్టుకుంది. "అన్‌డూ కొడితే సరిపోయేదిగా నాన్నా!" అంటూ వరసగా కొట్టుకుంటూ పోయింది. తెల్ల పేజీలు మాయమై, ప్రసంగమంతా చుక్కతో సహా తిరిగొచ్చింది. "ఇప్పుడు చెప్పు, అమ్మనెక్కడ చేర్చను?"

"నువ్వు లే, నేను చేర్చుకుంటా," అంటూ భార్య కుర్చీలో కూర్చుంది. ముందుగా మాస్టారి చిటికెన వేలు గట్టిగా పట్టుకుని, ఆ తరువాత ఒంటిచేత్తో తన పేరు తనే కొట్టుకుంది.