పేరు రాసిన పది కిలోలు

కొత్తకోట దగ్గర హైవే పక్కన జొన్న రొట్టెలు అమ్మే మల్లీశ్వరికి ఆ సోమవారం పొద్దున ఉన్న పనులు రెండే. పదింటిలోపు తన దుకాణాన్ని ఫోన్లోకి ఎక్కించాలి, పదిన్నరకు పొయ్యి వెలిగించాలి. రెండూ అయిపోతాయని ఆమెకు ఏ అనుమానమూ లేదు. తొమ్మిదేళ్లుగా ఆ పెనం ముందు కూచున్న మనిషి. తను అనుకున్నది జరగకపోవడం ఆమెకు పెద్దగా అలవాటు లేదు.

నిరుడు మాత్రం ఒక ఎదురుదెబ్బ తగిలింది. దుకాణం ఎదురుగా డివైడర్‌లో ఉన్న సందును మూసేశారు. అవతలి వైపు పోయే లారీవాళ్లు రొట్టె తినాలంటే రెండు కిలోమీటర్లు ముందుకు పోయి తిరిగి రావాలి. ఎంత మంచి రొట్టెకైనా డీజిల్ పోసుకుని వెనక్కి వచ్చేవాళ్లు తక్కువ. గిరాకీ సగానికి పడిపోయింది. ఇట్లాగే ఉంటే దుకాణం ఎత్తేసి చౌటుప్పల్‌లో ఏదైనా కంపెనీలో కాపలా పనికి పోతానని భర్త లింగస్వామి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేలోపే మల్లీశ్వరి నిరోషకు ఫోన్ చేసింది.

నిరోషది మహబూబ్‌నగర్. చిన్న దుకాణాలవాళ్లకు వెబ్ పనులు అగ్గువకు చేసిపెడుతుంది. ఎవరైనా ఫోన్లో వెతికినప్పుడు మన దుకాణం పేరు మొదట కనబడేలా చేయడం ఆమె పని. ప్రకటనల ఖర్చు అక్కర్లేదనీ, సరైన మాటలు, సరైన ఫోటోలు, తెరిచే వేళలు, గిరాకీలు రాసే నాలుగు మంచి మాటలు ఉంటే చాలనీ ఆమె వివరంగా చెప్పింది. ఊరూరు తిరిగితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి అంతా ఇంట్లో కూచునే చేస్తుంది. దుకాణం వివరాల కోసం ఫోనుకు ఒక ఫారం పంపుతుంది. "నింపేటప్పుడు జర మంచిగ సూసి నింపుండ్రక్కా. మీరు ఏం రాస్తే నేను గదే పైకి తెస్త" అంది.

ఆ సోమవారం ఫారం వచ్చేసరికి మల్లీశ్వరి చేతులు పిండిలో ఉన్నాయి. ఫారం లింగస్వామి నింపాడు. వ్యాపారం ఏ రకం అన్నచోట ఆయన 'రొట్టె' అని కొట్టగానే ఫోను 'బేకరీ' అని ఒకటే చూపించింది. చూపించిన దాన్ని కాదనడం ఎందుకని దాన్నే నొక్కాడు. మీ ప్రత్యేకత ఏమిటి అన్నచోట కాసేపు ఆలోచించి 'పేరు రాసి ఇస్తాం' అని రాశాడు. అది అబద్ధం కాదు. నలుగురు డ్రైవర్లు ఒకేసారి పార్సెల్ చెబితే ఎవరిది ఎవరికో పోకుండా పొట్లాల మీద పేర్లు రాసేది ఆయనే. ఇక ఫోటో అడిగితే, తెల్లచొక్కా వేసుకుని బోర్డు ముందు నిలబడి తీయించుకుని పంపాడు. బోర్డు మీద 'జొన్న' అన్న మాట సరిగ్గా ఆయన తల వెనక పడింది.

నిరోష పనిమంతురాలు. మూడు వారాలు తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఎవరు ఫోన్లో 'పేరు రాసిన బర్త్‌డే కేకు' అని వెతికినా మల్లీశ్వరి దుకాణమే మొదట వచ్చింది.

మనుషులు రావడం మొదలైంది. బైకు మీద వచ్చి, ఫోను వైపు చూసి, పెనం వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవారు. కొత్తవాళ్లు కదా, అడగడానికి మొహమాటపడుతున్నారని మల్లీశ్వరి తేల్చింది. తర్వాత ఫోన్లు. ఒకాయన బ్లాక్ ఫారెస్ట్ ఉందా అని అడిగాడు. అదొక కేకు పేరని తెలియని లింగస్వామి, ఫారెస్ట్ అన్న మాట చెవిన పడగానే అటవీ శాఖవాళ్లే అనుకున్నాడు. "మేం అడవి కట్టెలు వాడం సార్, అంతా గ్యాసు మీదనే" అని చెప్పి ఫోను పెట్టేసి, వెనక ఉన్న కట్టెల మోపును మధ్యాహ్నందాకా పక్కింటి దొడ్లోకి మోశాడు.

ఆ వారంలోనే పెద్ద ఫోను వచ్చింది. చేసింది బెంజమిన్ అనే లెక్కల టీచరు. వాళ్ల హెడ్మాస్టరు పర్వతాలు సార్ శనివారం రిటైరవుతున్నారు, ఫంక్షన్ హాల్లో సభ. ఈసారి ఫోను మల్లీశ్వరే ఎత్తింది. పది కిలోలది చేస్తారా అని అడిగితే ఇరవై అయినా చేస్తానంది. గుడ్లు కలపకూడదన్నాడు. "గుడ్లెందుకు కలుపుతం సారూ? మా తాన ఎన్నడు కలపలే" అంది. పేరు రాస్తారా అంటే రాస్తామంది. కొవ్వొత్తి కూడా కావాలన్నాడు. హాల్లో కరెంటు సరిగా ఉండదేమో పాపం అనుకుని దానికీ ఒప్పుకుంది.

శనివారం పొద్దున పక్కింటి నర్సింగమ్మను సాయం పిలిచి పది కిలోల పిండి ఒత్తింది. నూట ఇరవై రొట్టెలయ్యాయి. లింగస్వామి నూట ఇరవై కాగితాల మీద 'పర్వతాలు సార్' అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఒక్కో రొట్టెను ఒక్కోదాంట్లో చుట్టి పెద్ద పెట్టెలో పేర్చాడు. ఎనభై దాటాక చెయ్యి గుంజింది గానీ అక్షరం వంకర పోలేదు. అడగకపోయినా మల్లీశ్వరి ఒక డబ్బా నిండా పల్లీల కారం, ఇంకో డబ్బాలో టమాట పచ్చడి పెట్టింది.

ఆటోలో హాలుకు చేరేసరికి రెండు దాటింది. సభ పదకొండుకు మొదలైంది, ఉపన్యాసాలు ఇంకా అవుతున్నాయి. అవి అయితేగాని కేకు, కేకు కోస్తేగాని భోజనాలు. నూటయాభై మంది కుర్చీల్లో వాలిపోయి ఉన్నారు. బెంజమిన్ ఇక ఆగలేక, ఉపన్యాసం మధ్యలోనే పరుగున వచ్చి పెట్టెను వేదిక మీద బల్లపై పెట్టించాడు. పర్వతాలు సార్ చేతికి రిబ్బను కట్టిన కత్తి ఇచ్చారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. మూత తీశారు.

లేచిన ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. జొన్న రొట్టెల వేడి వాసన మాత్రం చివరి వరుసదాకా పోయింది.

"అమ్మా, కేకేది?" అన్నాడు బెంజమిన్.

"కేకేంది సారూ? మాది రొట్టెల దుకాణం." మల్లీశ్వరి గొంతులో బెరుకు లేదు. "పది కిలోలన్నరు, తెచ్చిన. గుడ్లొద్దన్నరు, కలపలే. పేరు రాయమన్నరు, సూస్కోండ్రి. గిదిగో కొవ్వొత్తి. ఇందుల ఏది తక్కువైందో జెప్పుండ్రి."

బెంజమిన్ లెక్కల మనిషి. తను చెప్పినవి ఒక్కొక్కటే మనసులో సరిచూసుకున్నాడు. ఏదీ తక్కువ కాలేదు. ఫోను తీసి దుకాణం పేరు, దాని కింద ఉన్న బేకరీ అన్న మాట చూపించాడు. మల్లీశ్వరి ఆ మాట చదివి, తలుపు దగ్గరున్న భర్త వైపు తిరిగింది. లింగస్వామి పైన తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా చూస్తున్నాడు. అనుకున్నది జరగదేమోనని అప్పుడు మొదటిసారి ఆమెకు అనిపించింది. పది కిలోల పిండి, ఊళ్లో పరువు, రెండూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అనవసరంగా ఒక్క మాట మాట్లాడని పర్వతాలు సార్ పెట్టెలోకి వంగి చూశారు.

"వేడిగున్నయా?"

"ఇప్పుడే పెనం మీదికెల్లి తీసిన సార్."

"కారం తెచ్చినవా?"

"తెచ్చిన. పచ్చడి గూడ ఉన్నది."

సార్ కత్తి పక్కన పెట్టి, తన పేరున్న కాగితం విప్పి, రొట్టె తుంచి కారం అద్దుకున్నారు. అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన రెండోది అందుకునేసరికి మొదటి వరుస లేచింది, ఆ వెనక హాలంతా లేచింది. మైకు దగ్గరున్న వక్త 'చివరిగా' అని మూడోసారి అనబోయి, రొట్టెలు తరిగిపోవడం గమనించి దిగివచ్చాడు. పావుగంటలో పెట్టె అడుగు కనబడింది. ఆ సాయంత్రం బెంజమిన్ దుకాణం పేరు కింద ఇలా రాశాడు: 'కేకు చెప్పాను, రొట్టెలు వచ్చాయి. సార్ నాలుగు తిన్నారు. కేకు ఏదని నేను తప్ప ఎవరూ అడగలేదు.' సార్ రొట్టె తుంచుతున్న ఫోటో కూడా జతచేశాడు.

బెంజమిన్ రాసింది చదివి, సోమవారం మొదటి బస్సుకు నిరోష స్వయంగా వచ్చింది. దుకాణం చూడకుండా పని ఒప్పుకున్నందుకు తప్పు తనదేనంది. మల్లీశ్వరి ఆమెను కూచోబెట్టి వేడి రొట్టె పెట్టింది. "ఫికర్ జేయకు బిడ్డా. లేని కేకుకే గింతమందిని తెచ్చినవ్. ఉన్న రొట్టెకు ఎంతమందిని తేవు?" అంది. నిరోష అక్కడే కూచుని బేకరీ తీసేసి జొన్న రొట్టెలని మార్చింది. పెనాన్ని, కారాన్ని ఫోటోలు తీసింది, డివైడర్ చుట్టూ తిరిగి వచ్చే దారి కూడా పెట్టింది. ఫారాలు నింపే పని ఇకమీదట మల్లీశ్వరిదే అని లింగస్వామి తనంతట తానే ఒప్పుకున్నాడు.

నెల తిరగకముందే అరవై నిండినవాళ్ల పుట్టినరోజులకు, రిటైర్మెంట్లకు రొట్టె తుంచడం ఆ చుట్టుపక్కల ఒక మర్యాద అయిపోయింది. లింగస్వామి చౌటుప్పల్ మాట ఎత్తడం మానేశాడు, నర్సింగమ్మ రోజూ పనికి వస్తోంది.

బస్టాండు ముందున్న అసలు బేకరీ అద్దానికి ఈమధ్య ఒక కాగితం అంటించారు: 'జొన్న రొట్టెలు చేయడం వచ్చిన మనిషి కావలెను.'