మీసం మింగిన మోటార్‌సైకిల్

"అకాషీ ఊరి నేరస్థులారా, వణకండి! కమెదా రొకురో కళ్ళు తెరిచాడు!"

నిజానికి మావాడు కళ్ళు తెరిచింది మధ్యాహ్నపు కునుకు నుంచి. నా కొట్లో ఆక్టోపస్ బూరెలు పీకలదాకా మింగి, బల్లమీదే పడుకుని, చెంపమీద చారు మరకతో లేచాడు. బడిరోజుల నుంచీ నా స్నేహితుడు. గొడుగులు బాగుచేస్తాడు, వానలు లేనప్పుడు డిటెక్టివ్ అవుతాడు. ఈ ఏడు వానలు లేవు, నా ఖర్మ.

వాణ్ణి లేపింది మా వీధి చివర ఉండే తొమియాసు. ఓడల కార్ఖానాలో వెల్డరుగా చేసి రిటైరయ్యాక, చిన్నప్పటి కోరిక తీర్చుకోవడానికి ఇంజన్‌లోకి గాలి దట్టించే సూపర్‌చార్జర్ ఉన్న పెద్ద మోటార్‌సైకిల్ కొనుక్కున్నాడు. ఇంట్లో ఉన్నది ఎనభై దాటిన అమ్మ, ఈ బండి. ఆయిల్ మార్చడం, చైను కడగడం, ఒళ్ళంతా తుడవడం... పసిపిల్లకు నలుగుపెట్టే తల్లికి కూడా అంత ఓపిక ఉండదు.

"నా పిట్ట చచ్చిపోయిందిరా కమెదా" అన్నాడు తొమియాసు.

"హత్యా!" కమెదా ఎగిరి లేచాడు.

"కాదురా బాబూ! వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే బండి కిచకిచమనేది కదా, ఆ కూత పోయింది. ఊపూ పోయింది. ఫిల్టర్ మార్చా, ప్లగ్గులు మార్చా, ఏం లాభం లేదు. ఇంజన్ విప్పాల్సిందే అంటున్నారు షాపువాళ్ళు. నా చేతుల్లోనే పాడైందిరా. చూసుకోవడం చేతకానివాడికి బండెందుకు? సాయంత్రం ఒకాయన వస్తున్నాడు, అమ్మేస్తా."

పెద్దమనిషి కళ్ళనిండా నీళ్ళు చూసి నేను బూరెలు తిప్పడం ఆపేశాను. కమెదా మాత్రం జేబులోంచి పెట్టుడు మీసం తీసి అంటించుకున్నాడు.

"ఇది విద్రోహం! దీని వెనక ఒక అంతర్జాతీయ ముఠా ఉంది!"

"వీధి చివర ఇంటికి అంతర్జాతీయ ముఠా ఎందుకొస్తుందిరా?" అన్నాను.

"అదే కదా వాళ్ళ తెలివి!"

బూరెలు తిప్పే పొడుగు పుల్ల చేతిలో ఉండగానే నన్ను లాక్కుపోయాడు. తొమియాసు షెడ్డులో బండి నల్లగా నిగనిగలాడుతోంది. వాళ్ళమ్మ కినూ మామ్మగారు మా అందరికీ చల్లటి బార్లీ నీళ్ళు తెచ్చారు. కమెదా భూతద్దంతో బండి చుట్టూ పాకి, ట్యాంకు దగ్గర ఆగాడు.

"నూనె వేలిముద్ర! మిత్రమా, దొరికిపోయావ్!"

"ఇప్పుడే కదరా చెయ్యి ఆనించాను! బూరెల నూనె అది!"

"నేరస్థులందరూ అనే మాటే!"

"వాళ్ళందరూ బూరెలు వేస్తారా, వెధవా?"

మామ్మగారు నోటికి కొంగులాగా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. కమెదాకు రోషం వచ్చింది.

"నేరాన్ని మళ్ళీ జరిపిస్తా! తొమియాసూ, స్టార్ట్ చెయ్. నేను వాసన పట్టి చెప్తా!"

బండి ముందువైపు, గాలి పీల్చుకునే నోటి దగ్గర ముక్కు పెట్టాడు. తొమియాసు యాక్సిలరేటర్ తిప్పాడు. సుర్రుమన్న చప్పుడు. కమెదా ముఖం వెనక్కి తీశాడు, ముఖమే వచ్చింది, మీసం రాలేదు.

"ఆపరా! నా మీసం! సాక్ష్యాన్ని మింగేసింది!"

"నాయనోయ్, నా బండి!" తొమియాసు ఇంజన్ ఆపేసి తల పట్టుకున్నాడు.

నేను పుల్ల లోపలికి పోనిచ్చి, బూరె తిప్పినట్టు మెల్లగా తిప్పాను. వంపు దగ్గర ఏదో మెత్తగా తగిలింది. లాగితే మీసం కాదు, జరీ అంచున్న ఎర్రటి చిన్న సంచి. గుళ్ళో ఇచ్చే ప్రయాణ రక్ష తాయెత్తు! తొమియాసు ఫిల్టర్ వైపునుంచే చూశాడు, ముందు వంపులోకి ఎవరు చూస్తారు? మళ్ళీ తిప్పాను. నీలం సంచి. తర్వాత తెల్లది. అన్నిటికంటే ఆఖర్న, దుమ్ము పట్టిన మీసం.

"ముఠా గుర్తులు!" అన్నాడు కమెదా.

"అవి నావి నాయనా" అన్నారు మామ్మగారు.

అందరం అటు తిరిగాం.

"హ్యాండిల్‌కి కడితే గీతలు పడతాయన్నావు కదరా. అందుకని లోపల పెట్టా. ఆ వారం నువ్వు నెమ్మదిగా ఇంటికొచ్చావు. ఎంత మహిమో అనుకున్నా! మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చా. ఇంకా నెమ్మదించావు. ఇంకోటి..."

"అమ్మా! బండి ఊపిరి పీల్చేది అక్కడినుంచే!"

"నాకేం తెలుసురా? నన్నెప్పుడైనా ఎక్కించుకున్నావా? పొద్దున నువ్వు వెళ్తే ఆ చప్పుడు వింటూ కూర్చుంటా. మళ్ళీ వినబడేదాకా నాకు ముద్ద దిగదు."

తొమియాసు ఫోన్ తీసి, బండి అమ్మడం లేదని ఆ కొనేవాడికి చెప్పాడు.

"చూశారా!" కమెదా మీసం దులిపి జేబులో పెట్టుకున్నాడు. "సాక్ష్యం ఎక్కడుందో ముందే పసిగట్టి, నా మీసాన్ని గూఢచారిగా లోపలికి పంపాను!"

కేసు ఎలాగూ తేలిందని నేను పుల్ల తుడుచుకున్నాను.

పాత తాయెత్తులు పారేయకూడదు, గుడిలోనే తిరిగిచ్చేయాలి అన్నారు మామ్మగారు. తొమియాసు రెండో హెల్మెట్ తెచ్చి వాళ్ళమ్మ గడ్డం కింద పట్టీ తానే బిగించాడు. ఆవిడ మూడు సంచులూ గుప్పిట్లో పట్టుకుని, కొడుకు నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నారు. మలుపు దగ్గర వాడు యాక్సిలరేటర్ వదలగానే, కిచకిచమని పిట్ట కూసింది.

పొద్దుగూకే వేళకి ఇద్దరూ నా కొట్టు ముందు దిగారు. మామ్మగారి జుట్టంతా చెదిరిపోయి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"భయం వేసిందా మామ్మగారూ?" అన్నాను.

"భయమా? ఎడ్లబండి నయం నాయనా! తాయెత్తులన్నీ తీసేశారుగా, వీడెందుకింకా అంత నెమ్మదిగా తోలాడు?"