పికప్ మీద రెండు రెక్కలు

శనివారం పొద్దున్న పాన్‌కేకులు చల్లారేలోగా రెక్కల గొడవ తేల్చేయాలని డెల్బర్ట్ పథకం వేసుకున్నాడు. కాన్సస్‌లోని ఆ చిన్న విమానాశ్రయంలో నెలకోసారి గుడారం వేసి అందరికీ ఫలహారం పెడతారు. తొమ్మిదేళ్లుగా అతను ఇంట్లో రెండు సీట్ల విమానం కడుతున్నాడు. అది పాత నమూనా, రెక్క బొద్దుగా ఉంటుంది. బావమరిది వెండెల్‌ది అదే వంశంలో కొత్త నమూనా, రెక్క పలచన.

"నీ రెక్క ఓడిందో, ఈ యజ్ఞం ఇవాళే కట్టిపెట్టాలి," అంది భార్య మాక్సీన్. "చెక్కముక్క మనిషిని లేపుతుందంటే నేనెప్పుడూ నమ్మలేదు."

చెరో రెక్క నమూనాలో మనిషి పొడవు ముక్క చేసి పికప్ తొట్టి మీద చెరోపక్క అడ్డంగా అమర్చారు. ఎడమది డెల్బర్ట్‌ది, కుడిది వెండెల్‌ది. ఎంత పైకి గుంజితే అంత అంకె చూపేలా, వేటాడిన జింకల్ని తూచే కాటాలు కింద కట్టారు. అంకెలు చదవడానికి మాక్సీన్ తొట్టిలోకెక్కింది. మొహాన గాలి కొట్టకుండా డ్రైవరు వైపు వీపు పెట్టి కూర్చుంది.

డెల్బర్ట్ తోలుతుంటే రన్‌వే మీద బండి ఉరికింది.

"ఎడమది వంద! కుడిది డెబ్బై!" అని అరిచింది మాక్సీన్.

"విన్నావా బావమరిదీ!"

"ఇంకా తొక్కు బావా! వేగం మీద నాది లేస్తుంది," అన్నాడు పక్కనున్న వెండెల్.

డెల్బర్ట్ తొక్కాడు.

"ఎడమది రెండొందలు! ఓరి దేవుడో, బండి తోక తేలిపోతోంది!"

నిజంగానే తేలింది. వెనక చక్రాలకు పట్టు తప్పి బండి గిర్రున తిరిగి, తడి గడ్డి మీద జారి, తిన్నగా వెళ్లి గుడారంలో దూరింది. జనం ముందే చెదిరారు కాబట్టి సరిపోయింది. పాన్‌కేకుల పిండి మాత్రం గంగాళంతో సహా బండి మీద బోర్లా పడింది.

వెండెల్ టోపీ తీసేశాడు. "ఓడిపోయాను బావా." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్త నమూనా కడుతున్న నలుగురు అక్కడికక్కడే బొద్దు రెక్క నక్షా కావాలన్నారు. డెల్బర్ట్ బల్లెక్కి ఉపన్యాసం అందుకున్నాడు.

అప్పుడు దిగింది మాక్సీన్, నెత్తి నిండా పిండితో. ఆమెకు ఒళ్లంతా గగుర్పొడిచి ఉంది.

"కంటికి కనబడని గాలిని పట్టుకుని బండినే ఎత్తేసింది! ఎంత అద్భుతం, డెల్బర్ట్! ఇదిగో, ఈ ఎడమదే!" అంటూ ఓ రెక్కను ఆప్యాయంగా నిమిరింది.

అది వెండెల్‌ది. పైలట్లకు ఎడమంటే ముందుకు చూసేవాడి ఎడమ. ఆమె కూర్చున్నది వెనక్కి తిరిగి.

డెల్బర్ట్ బల్ల దిగాడు.

"అయితే... ఆపేయాల్సిందేనా?" అని అడిగాడు.

"ఆపడమేంటి, పిచ్చా నీకు? ఆ బొద్దువి పీకేసి ఇలాంటివి మొదలుపెడదాం. రేపట్నుంచి నేను కోస్తా, నువ్వంటించు."

వచ్చే నెలతో డెల్బర్ట్‌కు డెబ్బై ఆరు నిండుతాయి.