బాధితురాలి కుర్చీ

రండి, దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు ఆపితే నేను మొదలుపెడతాను.

లోకంలోకెల్లా గొప్ప విద్య ఐదు శాఖల్ని ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టడం. మొగుడు కొట్టిన ఆడమనిషికి తలదాచుకునే చోటు దొరకాలంటే పోలీసు, ఆసుపత్రి, కోర్టు, ఇళ్ల ఆఫీసు, ఆశ్రయం నడిపే మేడమ్, ఐదుగురూ సరే అనాలి. వాళ్ల చుట్టూ తిరిగి ఆ సరేలు పోగుచేయడమే ఒకామె ఉద్యోగం. ఆమెను అందరూ అతుకులక్క అంటారు.

అక్క అలిసిపోతోందని పైవాళ్లకు జాలి కలిగింది. జాలి కలిగితే పైవాళ్లు ఊరుకోరు, శిక్షణ పెడతారు. అక్కకు అండగా నిలవడం ఎలాగో ఐదు శాఖలకూ నేర్పడానికి ఒక డైరెక్టరు దిగాడు. హాల్లో వేసిన బల్ల ఎంత పొడవంటే, ఈ చివర పోలీసాయన తుమ్మితే ఆ చివర మేడమ్ టీ మొత్తం తాగేశాక ఉలిక్కిపడింది.

బల్ల ముందు, నట్టనడుమ ఒక ఖాళీ కుర్చీ. దాని మీద మెత్తటి దిండు, మూత తీయని నీళ్ల సీసా. అది బాధితురాలి కుర్చీ అనీ, ఏం మాట్లాడినా దాని వంకే చూసి మాట్లాడాలనీ డైరెక్టరు చెప్పాడు. (అందరూ అంత జాలిగా చూసేసరికి కుర్చీయే కాస్త సిగ్గుపడింది.) పొద్దున్నుంచి దాన్ని ఓదార్చి ఓదార్చి డాక్టరమ్మకు గొంతు పోయింది.

మధ్యాహ్నం దాటాక ఒకామె తలుపు తోసుకుని వచ్చింది. చెంప కమిలిపోయి ఉంది, చంకలో పిల్ల. ఎప్పుడేం జరిగినా నా దగ్గరికి వచ్చెయ్యమని అక్కే ఆమెకు చెప్పి ఉంచింది. నిలబడే ఓపిక లేక, ఖాళీగా కనపడ్డ కుర్చీలో కూలబడి, ఆ సీసా మూత తీసి పిల్లకు నీళ్లు పట్టింది.

"అమ్మా, లేవండి. అది బాధితురాలి కుర్చీ," అన్నాడు డైరెక్టరు.

"నేనేనండీ."

"అలా ఎవరైనా అంటారమ్మా."

బల్ల పక్కన కూర్చున్న అక్క లేచి వచ్చింది. "మీ ఆయన డ్యూటీ ఎప్పుడు దిగుతాడు చెల్లీ?"

"ఇంకో గంటలో అక్కా. ఈసారి పిల్లని కూడా వదలనన్నాడు."

ఐదుగురూ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇప్పుడే సరే అనేయమంది అక్క. పోలీసాయన డాక్టరమ్మ వంక చూశాడు. ఆవిడ కోర్టాయన వంక, ఆయన ఇళ్ల ఆఫీసాయన వంక, ఆయన మేడమ్ వంక చూశారు. మేడమ్ అలవాటుగా కుర్చీ వంక చూడబోయి, అందులో మనిషి ఉండేసరికి కళ్లెక్కడ పెట్టుకోవాలో తెలియక పైకప్పు చూసింది. ఈరోజు సరే ఎలా అనాలో నేర్చుకోవడమే తప్ప, అనడం లేదని డైరెక్టరు ఓపిగ్గా వివరించాడు.

అక్క బల్ల ఆ చివరిదాకా నడిచి, మేడమ్ ముందున్న ఆశ్రయం తాళాల గుత్తి తీసుకుంది. వెనక్కి వచ్చి పిల్లను ఎత్తుకుని, తల్లిని వెంటబెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. (ఆ శిక్షణలో తప్పింది అక్క ఒక్కతే. సహకార స్వభావం లేదట.)

టీలు పోసే ముసలాయన వచ్చి, దిండు దులిపి, కొత్త సీసా పెట్టి, డైరెక్టరుకు ధైర్యం చెప్పాడు.

"మీరు కానివ్వండి సార్. కుర్చీ ఖాళీ అయిందిగా, ఇక బాధితురాలు వచ్చినట్టే."