ముందు ఏది తగిలించావమ్మా?

"ఇవాళ ఏదో ఒకటి కాలిపోతుంది, చూస్తూ ఉండు. నా మాట విని ఆ డాక్టరమ్మని రేపు రమ్మను, అమ్ములూ."

"ఏదీ కాలదమ్మా. ఆవిడ కోటు మీద పేరు కుట్టి చేతిలో పెడతాం, అంతే. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు."

కూతురు ఉద్యోగం మానేసి ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను పెట్టిన నాటి నుంచీ తల్లికి కంటిమీద కునుకు లేదు. పడుకునే ముందు కంప్యూటరుకున్న తీగలన్నీ పీకేయడం, పొద్దున్నే గుమ్మం వైపున్న మిషనుతో మొదలుపెట్టి వరసగా తగిలించడం ఆవిడ తనకు తానే వేసుకున్న డ్యూటీ. ఈ డాక్టరమ్మ మామూలు మనిషి కాదు. ఆసుపత్రి కోట్లన్నీ ఎవరి చేత కుట్టించాలో తేల్చే మనిషి. ఆవిడ సరే అంటే కొట్టు నిలబడుతుంది. కాదంటే మిషను వెనక్కిచ్చేసి అమ్మాయి మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాల్సిందే. ఇలాంటి రోజున మిషను ముందే వేడెక్కి కూర్చుంటే ఎలా? అందుకని తల్లి ముందు బిల్లుల ప్రింటరు తీగ తగిలించి, మిషను తీగ ఆఖరున పెట్టింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అమ్ములు తెల్లకోటును చట్రంలో బిగించి, కంప్యూటర్లో డాక్టరమ్మ పేరు కొట్టి బటన్ నొక్కింది. సూది కదల్లేదు. మళ్ళీ నొక్కింది. బల్ల కింది అరలోంచి టికటికమని చప్పుడు వచ్చింది.

"అదిగో, లోపల ఏదో పళ్ళు కొరుకుతోంది!"

"మిషను నిద్ర లేస్తోందిలేమ్మా," అని అమ్ములు నొక్కుతూనే ఉంది. అరలో టికటికలు సాగుతూనే ఉన్నాయి. సూది మాత్రం బెల్లంకొట్టిన రాయిలా ఉంది.

ఇంతలో డాక్టరమ్మ రానే వచ్చింది. అమ్ములు చెమట తుడుచుకుని, కాస్త సమయం చిక్కుతుందని, "కూర్చోండి మేడమ్, ముందు మీకు బిల్లు ఇచ్చేస్తాను," అంటూ బిల్లు బటన్ నొక్కింది.

అంతే! మిషను గుర్రంలా పరుగందుకుంది.

"కదిలిందమ్మా!" అని అమ్ములు చప్పట్లు కొట్టింది. తల్లి గుండె కుదుటపడింది గానీ, కోటు మీదికి వంగి చూసేదాకానే. జేబు మీద ముందు కొట్టు పేరు లేచింది. దాని కింద ఫోను నంబరు. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 'ఒకసారి కుట్టిన సరుకు వాపసు తీసుకోబడదు.'

"అయ్యయ్యో! కొంప మునిగిందే!" అని తల్లి ఒక్క ఉరుకున వెళ్ళి, రెండు చేతులా తీగ పట్టుకుని పీకి పారేసింది. అది ప్రింటరు తీగ. మిషను చివరి చుక్క దాకా తీరిగ్గా కుట్టి, దారం తెంపుకుని ఆగింది.

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కోటును ముఖానికి దగ్గరగా తీసుకుంది. కుట్టిందంతా పైనుంచి కిందికి చదివింది.

పీకిన తీగ వెంట అరలోని ప్రింటరులోంచి కాగితం చుట్ట జారిపడింది. మూరలకొద్దీ డాక్టరమ్మ పేరే!

అమ్ములు కాగితాన్నీ తల్లినీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, పొద్దున ముందు ఏది తగిలించావు?"

"ప్రింటరే. మిషను వేడెక్కుతుందని... నేనేం చేశానే తల్లీ?"

అమ్ములు పకపకా నవ్వింది. "తప్పు నాది. ఈ కంప్యూటరు లోపల కెర్నెల్ అని, అన్నిటినీ నడిపే పెద్ద ప్రోగ్రాము ఒకటుంటుంది. తగిలించిన ప్రతి యంత్రాన్నీ మన ప్రోగ్రాములకి అది ఒక ఫైలులాగా చూపిస్తుంది. ముందొచ్చినదానికి సున్నా అని, తర్వాతదానికి ఒకటి అని నంబరు వేస్తుంది. నా ప్రోగ్రామేమో గుడ్డిగా పేరు సున్నాలో, బిల్లు ఒకటిలో రాసేస్తుంది. అవతల కూర్చున్నది సూదో కాగితమో చూడదు. ఇవాళ వరస మారేసరికి పేరు కాగితం మీదికి, బిల్లు కోటు మీదికి పోయాయి."

"చూడకుండానే రాసేస్తుందా! దొంగ వచ్చి కూర్చున్నా?"

"దొంగ ఒంటిమీదైనా కుట్టేస్తుంది. ఉండు, వరస కాకుండా ఒక్కో యంత్రం తయారీ నంబరు చూసి పిలిచేలా మార్చేస్తా." కాసేపు టకటకలాడించి లేచింది. "ఇప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు తగిలించు."

తల్లి తీగలన్నీ పీకి, తలకిందుల వరసలో పెట్టింది. అమ్ములు పాతగుడ్డ బిగించి నొక్కింది. డాక్టరమ్మ పేరు ముత్యాల్లా గుడ్డ మీదే మెరిసింది. తల్లి ఆ గుడ్డను జెండాలా పైకెత్తింది.

"చూశారా డాక్టరమ్మగారూ! మీ కోటుకి బదులు కొత్తది కొనిస్తాం. ఒక్కమాటు ఏదైనా అనండమ్మా, తిట్టినా సరే!"

డాక్టరమ్మ కోటును వెలుతురుకు తిప్పింది. జేబు మీద వేలితో రాసింది. ఆఖరి వాక్యం మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది.

చివరికి డాక్టరమ్మ నోరు విప్పింది.

"మాకు జేబు మీద పేరు, వార్డు, ఫోను నంబరు అన్నీ పట్టాలమ్మా. ఎవరికిచ్చినా చిన్న అక్షరాలు పిచ్చిగీతల్లా కుట్టి పంపుతున్నారు. ఇంత చిన్న అక్షరం చదవడానికి వీలుగా కుట్టింది మీరొక్కరే. ఆసుపత్రి కోట్లన్నీ మీకే. నాకు మాత్రం ఇంకోటి కుట్టండి, ఇది మా బిల్లుల కౌంటరు గుమాస్తాకి ఇస్తాను."