బిత్కోపిస్ వారి ఇంటిపేరు

ఆ శనివారం పొద్దున పుష్పలీల వేసుకున్న పథకం చాలా చిన్నది. పులిహోర కలపాలి, డబ్బాలో సర్దాలి, మూడేళ్ళ మధులికను చంకనేసుకుని ఎదురింటి దైవా దగ్గరికి వెళ్ళాలి, పిల్లకు ఆ ఇల్లు కాస్త అలవాటు చేసి పదింటికల్లా తిరిగొచ్చేయాలి. అంతే. సోమవారం నుంచి తను వేర్‌హౌస్‌లో పార్సిళ్ళు కట్టే పనికి వెళ్ళబోతోంది. ఇంటర్ మధ్యలో పుస్తకాలు మూసేసి పెళ్ళిపీటల మీద కూర్చున్న మనిషికి తన పేరు మీద జీతం రావడమంటే మాటలు కాదు. ఈ ఇంగ్లీషువాళ్ళ దేశంలో, మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో, వాళ్ళుండే ఇళ్ళ ఎస్టేట్ మొత్తానికి పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్లలో ఖాళీ ఉన్నది దైవా దగ్గర ఒక్కచోటే. ఆ చోటు పోతే ఉద్యోగమూ పోయినట్టే.

"మావయ్యా, దైవా వాళ్ళింట్లో మెట్లకి అడ్డంగా గేటు ఉందంటావా?"

సంజీవ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "నాలుగుసార్లు చూసొచ్చావు కదే. నాలుగుసార్లూ ఉంది."

సంజీవ్ ఆమెకు సొంత మేనమామ. ఊహ తెలిసినప్పటి నుంచీ మావయ్యా అనే పిలుస్తోంది. తాళి కట్టినంత మాత్రాన పిలుపు మార్చడమెందుకని ఊరుకుంది.

దైవాది లిథువేనియా. ఆ దేశం ఎక్కడుందో పుష్పలీలకు తెలియదు. అక్కడ మంచు ఎక్కువని, బీట్‌రూట్ ఎక్కువని మాత్రం దైవా చెప్పగా తెలుసు. ఇద్దరిదీ వచ్చీ రాని ఇంగ్లీషే కాబట్టి ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది. పైగా మనిషి పేరులోనే దైవం ఉందాయె, నమ్మకపోతే ఎలా?

ఆ రోజు దైవా పులిహోర తింటూ, నోరు మండుతున్నా బాగుందంటూ, గోడ మీదున్న పాత ఫోటో చూపించింది. ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్న దేవదారు చెట్టు, దాని నడిమికి తాడుతో కట్టుకుని వేలాడుతున్న గడ్డపు ముసలాయన.

"మా ముత్తాత. మా ఇంటిపేరు బిత్కోపిస్. అంటే చెట్టెక్కి తేనె తీసేవాడని. అడవిలో ఏ చెట్టు తొర్రలో ఏ పట్టుందో మా వాళ్ళకే తెలిసేదట."

"మాకూ ఉన్నాయి ఇలాంటి ఇంటిపేర్లు. గుర్రం వారు, ఉప్పు వారు," అంది పుష్పలీల సంబరంగా. "మీ ఊళ్ళో చాలామందికి ఉందా ఈ పేరు?"

"ఊళ్ళోనా! ప్రపంచంలోనే ఎవరికీ లేదు. యుద్ధాల్లో అందరూ పోయారు. మా తాత ఒక్కడు మిగిలాడు. ఇప్పుడు ఈ భూమ్మీద బిత్కోపిస్ అన్న పేరుంటే అది మా తాత ఇంటిదే."

"అయితే మీ ఆయనది వేరే ఇంటిపేరన్నమాట."

"లేదు లేదు, ఆల్గిస్ కూడా బిత్కోపిసే. నేను పుట్టినప్పటి నుంచీ ఈ పేరే. మాలో ఆడవాళ్ళకు పేరు తోక కొంచెం మారుతుంది గానీ మొదలు ఒకటే."

పుష్పలీల చేతిలో గరిట ఆగిపోయింది. ఆమె పుట్టినప్పటి నుంచీ అదే పేరు. ఆయనదీ అదే. ప్రపంచంలో ఆ పేరున్నది ఒక్క తాత సంతానానికే. అంటే...

ఆ మాట అడిగేద్దామనుకునేలోగా లోపల మధులిక పాలగ్లాసు బోర్లించింది. దైవా పరుగెత్తింది. పుష్పలీల కళ్ళు గోడ మీదున్న పెళ్ళిఫోటో వైపు పోయాయి. అదే గోధుమరంగు జుట్టు, అవే నీలికళ్ళు, అదే ముక్కు. ఇన్నాళ్ళూ తెల్లవాళ్ళందరూ తనకు ఒకేలా కనిపిస్తారులే అనుకుంది గానీ, రక్తం కలిసిందని తోచనేలేదు. వెళ్ళొస్తానంటుంటే దైవా చేతిలో ఒక తేనె సీసా పెట్టింది. వద్దనలేక సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి విషయం చెప్పేసరికి సంజీవ్ అప్పటికే ఆ సీసా మూత తీసి రొట్టెకు రాసుకుంటున్నాడు.

"ఆ తేనె తినకు మావయ్యా!"

"ఏం, తేనెకు కూడా వావివరసలుంటాయా?"

"అన్నాచెల్లెళ్ళు మావయ్యా వాళ్ళు! కనీసం బాబాయి పిల్లలు. అయినా అన్నాచెల్లెళ్ళేగా! అలాంటి ఇంట్లో పిల్లనెలా వదలను? వదలకపోతే సోమవారం పనికెలా వెళ్ళను?"

"నీకెందుకే వాళ్ళ గొడవ? పిల్లను బాగా చూస్తుందా లేదా?"

మగవాళ్ళకు ఇలాంటివి అర్థం కావని పుష్పలీలకు తెలుసు. అర్థమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు, కమలాదేవి ఆంటీ. పాతికేళ్ళుగా ఇక్కడ హాస్పిటల్లో పనిచేస్తున్న పెద్ద డాక్టరుగారి భార్య. స్విండన్ నుంచి స్టాన్‌మోర్ దాకా ఏ తెలుగువాళ్ళు కొత్తగా దిగినా, టీ తాగుతారా అని అడిగే ముందే ఇంటిపేరేమిటని అడుగుతుంది.

ఫోన్‌లో అంతా విని ఆంటీ ఒక్క నిమిషం మాట్లాడలేదు. అది ఆమె విషయంలో చాలా ఎక్కువ సేపు.

"లీలా, వెయ్యి కొంపలకుండే పేరైతే ఏదోలే అని సరిపెట్టుకోవచ్చు. ఒక్క ఇంటికే ఉందని ఆవిడే చెప్పిందంటున్నావు. ఇంక సందేహమేముంది? హవ్వ!"

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. ఏం చెయ్యాలో నాకు తోచక మీకు చెప్పాను."

"నేనెవరికి చెబుతానమ్మా!"

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు. పుష్పలీల పళ్ళెంలో బజ్జీలు వేసుకుంటుంటే, పక్కన నిలబడ్డ ప్రియా చెవి దగ్గరికొచ్చింది. ప్రియా కవలలిద్దరూ దైవా దగ్గరే ఉంటారు.

"నీకు తెలుసా? మన ఎస్టేట్‌లో ఎవరో అన్నాచెల్లెళ్ళు దేశం వదిలి పారిపోయొచ్చి కాపురం పెట్టారట. అక్కడ పోలీసులు వెతుకుతున్నారట. వాళ్ళ తాతను తేనెటీగలతో కుట్టించి చంపారట కూడా."

పుష్పలీల నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది. ఇది వేరే జంటేమో అని ఒక్క క్షణం ఆశపడింది.

"ఎవరు వాళ్ళు?" అంది ప్రాణం బిగబట్టుకుని.

"ఇంకెవరు, మన దైవానే! స్టాన్‌మోర్ నుంచి ఫోన్ చేసి చెప్పారు నాకు. ఎదురింట్లో ఉండి నీకు తెలియలేదా? నువ్వు మరీ అమాయకురాలివి లీలా. నేనైతే పిల్లల్ని మాన్పించేస్తున్నానని మెసేజ్ పెట్టేశాను. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మాన్పిస్తున్నారు."

పొద్దున పుష్పలీల వదిలిన మాట స్టాన్‌మోర్ దాకా వెళ్ళి, దారిలో పోలీసుల్ని, ఒక హత్యను కూడా ఎక్కించుకుని, మళ్ళీ తన పళ్ళెం దగ్గరికే వచ్చింది.

ఆదివారం పొద్దున్నే బెల్ మోగింది. తలుపు తీస్తే దైవా. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ప్రియా మాన్పించేసింది. మిగతావాళ్ళూ మాన్పించారు. ఎందుకంటే ఎవరూ చెప్పరు. మధులిక ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్లతో నాకు గడవదు లీలా, చైల్డ్‌మైండింగ్ మూసేసి నేనూ ఆల్గిస్‌తో పాటు నువ్వు చేరే ఆ వేర్‌హౌస్‌కే పోవాలి. నేనేం తప్పు చేశాను? నువ్వు నా ఫ్రెండ్‌వి, నువ్వైనా చెప్పు."

పుష్పలీల పక్కకు జరిగి దైవాను లోపలికి రమ్మంది. దైవా ఇంట్లో అడుగుపెట్టడానికి నిన్నటిదాకా భయం. ఇప్పుడు ఆ ఇల్లు మూతబడుతుందని భయం. రెండో భయం ముందు మొదటిది ఎటు పోయిందో తెలియదు. కూర్చోమని సోఫా చూపిస్తుండగానే వాకిట్లో కారు ఆగింది. పట్టుచీర, హ్యాండ్‌బ్యాగు, కమలాదేవి ఆంటీ.

"నువ్వు తప్పుకో లీలా, ఇలాంటివి నాన్చకూడదు. నేను అడుగుతాను," అంటూ వచ్చి దైవా ఎదురుగా కూర్చుంది. ఆంటీ ఇంగ్లీషు హాస్పిటల్ పార్టీల్లో తేలిన ఇంగ్లీషు. "అమ్మాయ్, నీ భర్త నీకేమవుతాడు?"

దైవా బిత్తరపోయింది. "భర్తే అవుతాడు."

"పెళ్ళికి ముందు?"

"పెళ్ళికి ముందు ప్లంబరు."

"అది కాదమ్మా. మీ ఇద్దరికీ ఒకటే ఇంటిపేరు ఎలా వచ్చింది?"

దైవా ముఖం కొంచెం తేటపడింది. ఇది ఆమెకు ఇష్టమైన విషయం. "మా నాన్నకు నేనొక్కతినే. నాతో ఆ పేరు ఆగిపోతుందని ఆయనకు బెంగ. నన్ను చేసుకునేవాడు మా పేరు పెట్టుకోవాలన్నాడు. ఆల్గిస్ సొంత ఇంటిపేరు మా దేశంలో వీధికి పదిమందికి ఉంటుంది, పోతే పోయిందన్నాడు. మా చట్టం ఒప్పుకుంటుంది. పెళ్ళిరోజు మా నాన్న ఏడ్చాడు. నేను వెళ్ళిపోతున్నానని కాదు, పేరు నిలబడిందని."

ఆంటీ ముఖం నెమ్మదిగా పాలిపోయింది.

"మొగుడు ఇంటిపేరు మార్చుకున్నాడా!" అంది గుండెల మీద చెయ్యి వేసుకుని. "మగాడు?" అన్నాచెల్లెళ్ళని విన్నప్పుడు కూడా ఆమె అంత అదిరిపోలేదు. "ఇల్లరికం వెళ్ళినవాళ్ళే ఇంటిపేరు వదలరే! మరి ఈ లీల నాకు ఫోన్ చేసి మీరిద్దరూ..."

"ఆంటీ!"

అప్పటికే ఆలస్యమైపోయింది. ఆంటీ మొదలుపెట్టిన మాటను సగంలో ఆపిన చరిత్ర లేదు. అంతా విన్నాక దైవా మెల్లగా పుష్పలీల వైపు తిరిగింది.

"నేను నా అన్నను పెళ్ళి చేసుకున్నాననుకున్నావా? నువ్వు?"

పుష్పలీల ఏడుపు ఆపుకోలేకపోయింది. "మా దగ్గర ఇంటిపేరు ఒకటైతే పెళ్ళి చేసుకోరు దైవా. తోబుట్టువుల లెక్క. మొగుడు పేరు మార్చుకుంటాడని నాకెలా తెలుస్తుంది? మాకు అలాంటివి పట్టింపు ఎక్కువ. సొంతవాళ్ళని చేసుకోవడం మహా పాపం."

దైవా ఏమనేదో గానీ, సరిగ్గా అప్పుడే సంజీవ్ ఫోన్ పట్టుకుని మెట్లు దిగాడు. ఫోన్‌లో వీడియో కాల్, అందులో ఒక నడివయసు ఆవిడ, జడలో కనకాంబరాలు.

"లీలా, అక్క చేసింది. పిల్లను చూపించమంటోంది." దైవాను చూసి మర్యాదగా నవ్వి, ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "మా అక్క. ఇండియా నుంచి."

మధులిక పరుగెత్తుకొచ్చి ఫోన్‌కు ముద్దు పెట్టింది. తర్వాత దైవాకు అర్థమయ్యేలా ముద్దుముద్దు ఇంగ్లీషులో వివరించింది. "షీ ఈజ్ మై అమ్మమ్మ. మమ్మీస్ మమ్మీ."

దైవా ఫోన్‌లోని మనిషిని చూసింది. సంజీవ్‌ను చూసింది. పుష్పలీలను చూసింది. మళ్ళీ ఫోన్‌ను చూసింది. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది.

"ఈమె నీ అక్క," అంది సంజీవ్‌తో.

"అవును, మా పెద్దక్క."

"ఈమె నీ అమ్మ," అంది పుష్పలీలతో.

"అవును, మా అమ్మే."

"అయితే నువ్వు... ఇతను..." దైవా లేవబోయి మళ్ళీ సోఫాలో కూలబడింది. "నీళ్ళు," అంది.

పుష్పలీల గ్లాసు తేవడానికి పరుగెత్తింది. ఈలోగా ఆంటీ పరిస్థితి చక్కదిద్దడానికి పూనుకుంది. "కంగారు పడకమ్మా, మేనమామే! అంతకన్నా మంచి సంబంధం ఉంటుందా? పుట్టినప్పుడే అనుకున్నారు వీళ్ళకి. పిల్ల కళ్ళముందే ఉంటుంది. నేనూ మా మేనత్త కొడుకునే చేసుకున్నాను, డాక్టరుగారిని."

దైవా గ్లాసు కింద పెట్టేసింది. "మీరు కూడానా!"

"ఇంటిపేర్లు వేరు కదమ్మా!" అంది ఆంటీ, ఇంత చిన్న విషయం ఎందుకు అర్థం కావడం లేదో అర్థం కాక.

ఫోన్‌లోంచి పుష్పలీల తల్లి అడిగింది. "తమ్ముడూ, ఆ తెల్లమ్మాయికి ఏమైందిరా? బీపీ ఉందా?"

దైవా వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, పుష్పలీల రెండు చేతులూ పట్టుకుంది. అందులో కోపం లేదు. అంతకన్నా భయంకరమైనది ఉంది, జాలి.

"లీలా, నిన్ను బలవంతం చేశారా? నీకు ఏ సాయం కావాలన్నా నా తలుపు కొట్టు. రేపు పిల్లను తీసుకురా, నేను చూసుకుంటాను. భయపడకు. ఈ సంగతి ఎవరికీ చెప్పను."

"చెప్పడానికి ఇందులో ఏముంది?" అందామనుకుంది పుష్పలీల. కానీ పిల్లకు చోటు మిగిలింది, ఉద్యోగం మిగిలింది. తల ఊపి ఊరుకుంది.

ఆంటీ కారెక్కకముందే ప్రియాకు ఫోన్ కలిపింది. అన్నాచెల్లెళ్ళ కథ పాతబడిపోయింది. భార్య ఇంటిపేరు పెట్టుకున్న మగాడనే కథ అంతకన్నా బలమైనది. మధ్యాహ్నానికల్లా మాన్పించిన తల్లులందరూ మళ్ళీ పంపుతామని మెసేజిలు పెట్టారు. సోమవారం ప్రియా కవలల్ని వాళ్ళ నాన్నతో పంపకుండా తనే స్వయంగా దింపి, ఆల్గిస్ డ్యూటీకి బయల్దేరేదాకా గుమ్మంలో నిలబడి తేరిపార చూసిందట.

పుష్పలీల ఆ పొద్దున పిల్లను దింపి, మెట్లకు గేటుందో లేదో ఐదోసారి చూసుకుని, బస్సెక్కి వేర్‌హౌస్‌కి చేరింది. జీవితంలో మొదటి ఉద్యోగం, మొదటి రోజు. లోపలికి అడుగుపెట్టగానే పార్సిళ్ళు కడుతున్న వాళ్ళంతా ఒక్కసారి తలెత్తి చూశారు. లావుపాటి ఆవిడ ఒకరు లేచి తన కుర్చీ ఇచ్చింది. ఇంకొకావిడ బిస్కెట్ ఇచ్చి భుజం నిమిరింది. ఇక్కడి మనుషులు ఇంత మంచివాళ్ళా అని పుష్పలీల కళ్ళు చెమ్మగిల్లాయి.

సూపర్‌వైజర్ వచ్చి చేతి తొడుగులు అందించింది. ఆమెదీ లిథువేనియానే. గొంతు బాగా తగ్గించి, ఎంతో ఆప్యాయంగా అడిగింది.

"ఇంట్లో మీ మేనమామ... అదే, మీ ఆయన... బాగున్నారా?"

దైవా ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఆల్గిస్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.