వదిన రక్తం, మరిది పేరు

ఆ ఉదయం కాంపౌండరు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా ఆస్పత్రి సిబ్బంది అందరి రక్తం తీయాలి, తన రక్తం మాత్రం తన ఒంట్లోనే ఉంచుకోవాలి.

ఇరవై ఏళ్లుగా ఎందరికో సూదులు వేసిన ఆ మనిషికి, తన ఒంటికి సూది తగులుతుందంటే చచ్చేంత భయం. రెండు నెలల కిందట సిబ్బందికి టీకాలు వేసిందీ అతనే. తన వంతు వచ్చేసరికి చేతికి దూది అద్దుకుని, రిజిస్టరులో టిక్కు పెట్టుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ టీకాతో ఎవరి ఒంట్లో ఎన్ని యాంటీబాడీలు పుట్టాయో చూస్తానని డాక్టరమ్మ అందరి రక్తం అడిగింది. ఇవ్వకపోతే అనుమానం, ఇస్తే ఉద్యోగం గోవిందా.

అదే ఆస్పత్రిలో ఆయాగా చేసే వదినను పక్కకు పిలిచి, కాళ్లావేళ్లా పడి, ఆమె చేతి నుంచే రెండు ట్యూబులు నింపాడు. ఒకదాని మీద తన పేరు రాశాడు.

"దోమ కుట్టినా మీ అన్నను కేకేస్తావు, నువ్వొక కాంపౌండరువి," అంది వదిన. "ఇదే ఆఖరు మరిదీ."

ఫలితాల్లో ఇద్దరికీ చుక్క తేడా లేకుండా ఒకే అంకె వచ్చింది, అదీ అందరికన్నా ఎక్కువ. రక్తసంబంధం లేనివాళ్లకు ఇదెలాగని డాక్టరమ్మ తల పట్టుకుంది. ఇద్దరూ ఒకే ఇంటి వంట తింటారని ఎవరో చెప్పారు. అంతే, మహిమంతా వదిన చేతిలోనే ఉందని వార్డులన్నీ కోడై కూశాయి. మర్నాటి నుంచి వదిన పన్నెండు క్యారేజీలు కట్టాల్సి వచ్చింది. కాంపౌండరు తెల్లారకముందే లేచి ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాడు.

వారం తిరగకుండానే డాక్టరమ్మ, ఇంకోసారి చూద్దామంటూ ముందుగా అతన్నే కూర్చోబెట్టి, సూది తనే పట్టుకుంది. అతను చెయ్యి చాపి కళ్లు తేలేశాడు. ఈసారి అంకె సున్నా.

డాక్టరమ్మ వదినామరుదులను గదిలోకి పిలిచింది. ఉద్యోగం పోయినట్టేననుకున్నాడు కాంపౌండరు. ఆమె మాత్రం వదిన వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పింది.

"ఏమీ అనుకోకమ్మా. వారంలో అంతా హరించుకుపోయిందంటే, నీ వంటలోనే ఏదో తేడా ఉంది. రేపట్నుంచి ఎవరికీ పెట్టకు."

కాంపౌండరు హమ్మయ్య అనుకున్నాడు. వదిన అనుకోలేదు.

"హరించుకుపోడానికి ఇతగాడు టీకా వేయించుకుంటే కదండీ? ఆ రెండు ట్యూబులూ నా రక్తమే. నన్నేమన్నా అనండి, నా వంటను అనకండి."

డాక్టరమ్మ ఉద్యోగం తీయలేదు, సూది తీసింది. రెక్క కదలకుండా వదిన పట్టుకుంది. ఇంట్లో మాత్రం నెల రోజుల వంట అతని నెత్తిన పడింది. మొదటి రోజు వదిన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో డోసు ఎప్పుడని అడిగింది.